కాలువ మీద అయిదు రోజులు

మా అమ్మాయి ఇంగ్లండులో స్థిరపడి పన్నెండేళ్ళు దాటింది. 2023 మే నెలలో మేము మూడోసారి వెళ్ళినప్పుడు, “ఈసారి లండనూ కోటలూ వద్దు నాన్నా. పడవ అద్దెకు మాట్లాడాను. అయిదు రోజులు కాలువ మీదే ఉందాం” అంది. కోనసీమలో పుట్టి పెరిగినవాడికి డబ్బు పోసి మరీ కాలువ చూపించడమేమిటని నాలో నేను నవ్వుకున్నాను. మాది బండారులంక. అమలాపురానికి కూతవేటు దూరం. వీధికి ఇరవై మగ్గాలు ఆడిన ఊరు. గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని మా నాన్న చీరలు నేస్తుంటే, పక్కన కూర్చుని అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో నాడె చప్పుడు, బయట కాలువ నీళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ రెండూ ఉన్నాయి కాబట్టి వాటిని చూడడమంటే ఏమిటో నాకు తెలియదు.

పడవ ఎక్కింది ఎల్స్‌మియర్ అనే చిన్న ఊళ్ళో. వెళ్ళవలసింది వేల్స్‌లోని లాంగొల్లెన్‌కు. దారి మొత్తం సుమారు ఇరవై మైళ్ళు. కారులో అరగంట ప్రయాణానికి రెండు రోజులు పడుతుందట! వీటిని వాళ్ళు నారోబోటు అంటారు. పేరుకు తగ్గట్టే వెడల్పు ఏడడుగులకు ఒక్క అంగుళం మించదు, పొడవు మాత్రం యాభై అడుగులపైనే. ఒక పొడుగాటి సావిడిని ఇరుకు సందులో నుంచి ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది. లోపల వంటిల్లు, పడకలు, స్నానాలగది, ఇత్తడి దీపాలు, కిటికీలకు లేసు తెరలు. మా ఆవిడ ఎక్కిన పది నిమిషాలకే పొయ్యి ఎక్కడుందో చూసుకుని, తెచ్చుకున్న కందిపప్పు నానబోసింది. అల్లుడుగారికి పడవ నడపడం గంటసేపు నేర్పారు. చుక్కాని కుడికి నెడితే పడవ ఎడమకు పోతుందన్న ఒక్క సంగతి ఆయన తలకెక్కడానికి మూడు వంతెనలు, ఒక తుప్పా బలయ్యాయి.

గంటకు నాలుగు మైళ్ళు మించరాదని నియమం. గట్టున కట్టేసి ఉన్న పడవలు ఎదురైతే ఆ వేగం కూడా తగ్గించాలి, లేకపోతే లోపలివాళ్ళ కప్పుల్లో టీ తొణుకుతుంది. అందువల్ల గట్టుమీద నడిచేవాడికి పడవ తోడుగా వస్తున్నట్టే ఉంటుంది తప్ప ముందుకు పోతున్నట్టుండదు. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మనవడు చాలాదూరం గట్టునే నడిచాం. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు ముళ్ళకంచెల నిండా తెల్లటి పూలు, ఆ వెనక గొర్రెల మందలు. ఎక్కడో ఒకచోట కర్ర వంతెన అడ్డం వచ్చేది. మనవడు పరుగెత్తుకెళ్ళి, వాళ్ళ అమ్మ సాయంతో దాన్ని పైకెత్తి, పడవ వెళ్ళాక మళ్ళీ దించేవాడు. రెండు చోట్ల లాకులు కూడా వచ్చాయి. ఇంగ్లీషువాడి లాకే మన లాకు. మన లాకులో లస్కరు ఉండేవాడు, ఇక్కడ ఎవరి లాకు వాళ్ళే తీసుకోవాలి. ఇనప చెయ్యి తగిలించి తిప్పితే తలుపు అడుగున కిటికీ తెరుచుకుంటుంది, నీళ్ళు దుముకుతాయి, పడవ నిశ్శబ్దంగా పైకి లేస్తుంది. ఆ నీటి వాసన ముక్కుకు తగలగానే నాకు లొల్ల లాకులు కళ్ళముందు మెదిలాయి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బొబ్బర్లంకలో బయల్దేరిన కాలువ అక్కడికి వచ్చి పాయలుగా విడిపోతుంది. అన్ని కాలువలకూ అదే పుట్టిల్లని మా అమ్మ చెప్పేది.

ఈ కాలువలో ఒక వింత గమనించాను. ఇంగ్లండు కాలువల్లో నీళ్ళు సాధారణంగా కదలవు. చెరువును పొడుగ్గా సాగదీసినట్టు నిలబడి ఉంటాయి. ఇందులో మాత్రం ప్రవాహం ఉంది. నీటిమీద రాలిన ఆకు మాకెదురుగా వస్తోంది. విచారిస్తే కారణం తెలిసింది. లాంగొల్లెన్ ఎగువన డీ నదికి అడ్డంగా, 1808లో, గుర్రపునాడా ఆకారంలో ఒక ఆనకట్ట కట్టి నీళ్ళను కాలువలోకి మళ్ళించారు. ఆ నీళ్ళే కాలువను బతికించాయి. 1944లో రైల్వే కంపెనీ పడవల రాకపోకలను చట్టప్రకారం మూసేసినా, దిగువన ఒక జలాశయానికి తాగునీరు ఇదే కాలువగుండా వెళ్ళవలసి ఉండడంతో పూడ్చలేకపోయారు. మనకు పంట కోసం కాలువ నిలిచింది, పడవ పోయింది. వాళ్ళకు మంచినీళ్ళ కోసం కాలువ నిలిచింది, తరువాత పడవ తిరిగొచ్చింది. ఆ తిరిగిరావడం వెనక ప్రభుత్వాల కన్నా మామూలు మనుషుల పట్టుదల ఎక్కువ. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు, కొత్తగా పెళ్ళాడిన భార్యతో కలిసి ఒక పాత పడవలో కాపురం పెట్టి కాలువలన్నీ తిరిగాడు. ఆ అనుభవాన్ని 1944లో ‘నారో బోట్’ అనే పుస్తకంగా వేశాడు. అది చదివినవారిలో కదలిక వచ్చి 1946లో జలమార్గాల సంరక్షణకు ఒక సంఘమే ఏర్పడింది. ఆ తరువాత సెలవురోజుల్లో జనం పారలు పట్టుకుని దిగి బురద తీసిన కాలువలు ఎన్నో ఉన్నాయట.

సరే, చరిత్ర అలా ఉంచుతాను. రెండో రోజు సంగతి చెప్పాలి.

పడవ ఎక్కినప్పటినుంచి మా ఆవిడ మనవడికి ఒక కథ చెబుతూ వస్తోంది. “మీ తాతయ్యకు పడవలంటే కొత్త కాదురా. తాతయ్యవాళ్ళ అమ్మగారి నాన్నకు పడవల వ్యాపారం ఉండేది. కాలువ మీద కొబ్బరికాయలూ ధాన్యమూ వేసుకుని వెళ్ళేవట ఆయన పడవలు.” వాడు కళ్ళింతలు చేసుకుని ఎన్ని పడవలని అడిగేవాడు. ఆవిడ నావైపు చూసేది. నేను చుక్కాని దగ్గర అల్లుడికి ఏదో సలహా ఇవ్వడానికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ కథకు కర్తను నేనే. 1981లో మా పెళ్ళిచూపులు. ఆవిడ తండ్రి బడిపంతులు, నిక్కచ్చి మనిషి. మర్యాదగా అన్నీ అడిగి చివర్లో, “మీ మాతామహులు ఏం చేసేవారు నాయనా?” అన్నారు. అప్పటికి నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి ఏడాది. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. మా నాన్న నోరు విప్పేలోగా, “కాలువల మీద పడవల వ్యాపారమండీ” అనేశాను. నాన్న తల దించుకున్నాడు. దారిలో కూడా ఏమీ అనలేదు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదని అప్పట్లో నన్ను నేను సమర్థించుకున్నాను. పడవ ఉన్నమాట నిజం, వ్యాపారం జరిగినమాట నిజం. రెండూ ఇంకొకరివి, అంతే.

రెండో రోజు పదకొండు గంటల వేళ ఒక రాతి వంతెన కిందినుంచి నడుస్తున్నాం. కమాను అంచున, గట్టు వైపు, నిలువుగా ఒక ఇనప బద్ద బిగించి ఉంది. దానిమీద అడ్డంగా గాట్లు. ఒకటి రెండు కాదు, పైనుంచి కిందిదాకా పది పన్నెండు. కొన్ని అంగుళం లోతున్నాయి. మనవడు వాటిలో వేలు దూర్చి, “ఇవేంటి తాతయ్యా, ఎలుక కొరికిందా?” అన్నాడు. ఇంజన్లు రాకముందు ఈ పడవల్ని గుర్రాలు లాగేవి. గుర్రం గట్టున నడుస్తుంటే దాని వెనక సాగిన తాడు వంతెన మలుపు దగ్గర ఒరుసుకునేది. తడితాడుకు ఇసుక అంటుకుని అది ఆకురాయిలా పనిచేసేది. వందేళ్ళపాటు అలా ఒరిసి ఒరిసి ఇనుము తెగింది. మా అమ్మాయి వాడికి ఇదంతా వివరిస్తుంటే, మా ఆవిడ మామూలుగానే అడిగింది: “మీ తాతగారి పడవల్నీ గుర్రాలేనా లాగేది?”

వేలు ఇంకా ఆ గాటులోనే ఉంది నాది. “గుర్రాలు కాదు, మనుషులు. ఆ మనుషుల్లో ఒకడు మా తాత” అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. అలా కొంతదూరం నడిచి, పడవ గట్టుకు దగ్గరగా వచ్చినప్పుడు ఎక్కేసి లోపలికి వెళ్ళిపోయింది. ఏడడుగుల వెడల్పున్న పడవలో భార్యాభర్తలు ఎడమొహం పెడమొహంగా ఉండడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. ఒకరు నడవాలంటే రెండోవారు గోడకు అతుక్కుపోవాలి. సాయంత్రందాకా ఆవిడ నన్ను తాకకుండా, నేను ఆవిడను తాకకుండా ఆ నడవలో పదిసార్లు తప్పుకున్నాం. రాత్రి అన్నాలప్పుడు ఆవకాయ సీసా నావైపు జరిపింది కాని మాట్లాడలేదు. పిల్లలు పడుకున్నాక, దీపం తీసేసి, చీకట్లో అంది: “ఆయన కూలికి పోయినందుకు కాదండీ. నలభై రెండేళ్ళు నేను నా కూతురికీ దాని కొడుక్కీ అబద్ధం చెప్పుకుంటూ వచ్చాను చూడండి, అదీ.”

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఆవిడే మళ్ళీ, “రోజుకు ఎంతిచ్చేవారు ఆయనకి?” అని అడిగింది.

నాకు తెలియదు. ఆ కాలువ మీద ఏ వంతెన ఎప్పుడు కట్టారో అప్పటికి మూడు పుస్తకాలు తిరగేసి ఉన్నాను. మా తాత కూలి ఎంతో, ఆ పడవ ఎవరిదో, రోజుకు ఎన్ని కోసులు లాగేవాడో ఒక్కటీ తెలియదు. అమ్మను ఎప్పుడూ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందేమోనని అడగలేదు.

నాకు గుర్తున్నది చెబుతాను. ఆయన కుడి భుజం మీద అరచేయంత మేర చర్మం నల్లగా, నున్నగా, సన్నికల్లులా ఉండేది. ఒట్టి చేతులతో బజారుకు వెళ్ళేటప్పుడు కూడా ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ముందుకు వంగి నడిచేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి నన్ను పడవ ఎక్కించాడు. కొబ్బరికాయల రాశి మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టి, తాను ఇంకొకతనితో కలిసి గట్టుకు దిగాడు. భుజం మీద మడత పెట్టిన గోనెముక్క, దానిమీద తాడు. ఎగువకు ప్రయాణం. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు కాని ఆ రోజు గాలి లేదు. నేను జమీందారులా కూర్చుని కొంగలు లెక్కపెడుతూ, కొబ్బరిముక్క కొరుక్కుంటూ పోయాను. ఆయన మలుపుల దగ్గర వెనక్కి తిరిగి చూసేవాడు. చూసినప్పుడల్లా నేను చెయ్యి ఊపేవాణ్ణి. ఆయన ఊపలేదని నాకు కోపం వచ్చింది. ఊపడానికి ఆయన చేతులు ఖాళీగా లేవన్న సంగతి నాకు ఆ ఇనప బద్ద దగ్గర నిలబడ్డప్పుడుగాని తట్టలేదు. నా మొదటి జలవిహారం అదే. రెండోది ఇది.

మూడో రోజు చిర్క్ దగ్గర ఇంగ్లండు దాటి వేల్స్‌లో అడుగుపెట్టాం. అక్కడ కాలువ 70 అడుగుల ఎత్తున కమానుల మీద లోయ దాటుతుంది. 1801లో కట్టారు. దాని పక్కనే ఇంకా ఎత్తున, 1848 నాటి రైలు వంతెన. పడవను ఓడించిన రైలు దాని నెత్తిమీద నిలబడి చూస్తున్నట్టుంటుంది. అదే రోజు మధ్యాహ్నానికి పాంట్‌కసల్తే చేరాం. దీని గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. 1805లో టెల్ఫర్డ్, జెస్సప్ అనే ఇంజనీర్లు పూర్తిచేశారు. డీ నదికి 126 అడుగుల పైన, పద్దెనిమిది కమానుల మీద, వెయ్యి అడుగుల పొడవున ఒక ఇనప తొట్టి. ఆ తొట్టిలో కాలువ, కాలువలో మన పడవ. ఒకవైపు నడక బాట, దానికి చేతిపట్టు కంచె ఉన్నాయి. రెండోవైపు ఏమీ లేదు. నీటిమట్టానికి జానెడు పైన ఇనప అంచు, ఆ వెనక ఆకాశం. వంటింటి కిటికీలోంచి చూస్తే అడుగున చెట్ల తలలు కనబడుతున్నాయి. మా ఆవిడ పోపు గరిటె అలాగే పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆ ఇనప పలకల అతుకుల్లోంచి నీళ్ళు కారకుండా, ఫ్లానెల్ గుడ్డను మరిగించిన చక్కెర పాకంలో ముంచి కూరారని చెబుతారు. ఆ లోయల్లో ఫ్లానెల్ నేసేవారు ఉండేవారు. ఇది విన్న మా ఆవిడ కళ్ళు తెరిచింది. “మావయ్యగారు ఉంటే సంతోషించేవారు” అంది. నిన్నటి తరువాత నాతో అన్న మొదటి మామూలు మాట. నిజమే, నాన్న ఉంటే ఆ గుడ్డకు పడుగు ఎంత, పేక ఎంత అని అడిగి ఉండేవాడు.

నాకు మన గన్నవరం అక్విడక్టు గుర్తొచ్చింది. 1850లలో, వైనతేయ గోదావరి మీదుగా, నలభై తొమ్మిది కమానుల మీద నీళ్ళను అవతలి నగరం లంకకు దాటించారు. ఎత్తులో దీనికి సరితూగదు గాని, దీనికింద గొర్రెలు మేస్తున్నాయి, దానికింద వరద గోదావరి. ఇప్పుడు పక్కన 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అడిగినవాడికి లేదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లి ఊరు అదే కదా. కాటన్ దొర ఆలోచనలో నీళ్ళు పారించడం ఎంతో, పడవ నడపడం అంత. దేశమంతా రైలు పట్టాలకు బదులు పడవ కాలువలు తవ్వితే తక్కువ ఖర్చులో సరుకు నడుస్తుందని 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు వాదించి ఓడిపోయాడు. ఆయనకు మన లంకల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. ఎల్స్‌మియర్‌లో పడవ అద్దెకిచ్చినాయనను అడిగితే, “కాటనా? గుడ్డా?” అన్నాడు. పడవ లాగిన మనుషులకు అక్కడా ఇక్కడా కూడా విగ్రహాలున్నట్టు నేను చూడలేదు. లాంగొల్లెన్‌లో మాత్రం ఒక గుర్రం ఇంకా పడవ లాగుతోంది. యాత్రికుల కోసం 1884లో మొదలైన విహారం అది. గుర్రానికి మెత్తటి జీను, మధ్యాహ్నం విశ్రాంతి. మనవడు దానికి క్యారెట్టు పెట్టాడు. మా ఆవిడ దాని భుజం తడిమి చూసింది. ఎందుకో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

తిరుగు ప్రయాణం ప్రవాహంతోపాటు కాబట్టి కొంచెం త్వరగా సాగింది. వాన కూడా పడింది. చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. మనవడికి వాళ్ళ అమ్మమ్మ కథ మార్చి చెప్పింది. “పడవలు ఉండేవి కాదురా, పడవ లాగేవారు ఆయన” అంది. వాడికి ఈ కథే బాగా నచ్చింది. “ఒక్కడే లాగేవాడా? అంత పెద్ద పడవా?” అని ఎల్స్‌మియర్ దాకా అదే గోల. మిగిలిన రెండు రోజులూ గట్టున నడిచేటప్పుడు ఒక తాడుముక్క భుజాన వేసుకుని, వంగి నడిచాడు.

2024 ఏప్రిల్ ఆఖరున బండారులంక వెళ్ళాం. కాలువలు కట్టేసిన రోజులు. అడుగున అక్కడక్కడా పచ్చటి మడుగులు, ఎండిన గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, విరిగిన కుర్చీ. ఒకచోట పిల్లలు కాలువ మధ్యలోనే క్రికెట్ ఆడుతున్నారు. మా ఆవిడే గట్టు వెంట నడుద్దామంది. సగందూరం సిమెంటు రోడ్డు, సగందూరం ఇళ్ళ వెనక గోడలు. ఇదివరకు పడుగు సాగదీసి గంజి పట్టించిన జాగాలో మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. రెండు ఇళ్ళలో మాత్రం మగ్గం చప్పుడు వినబడింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా, ఏలూరు కాలువ, బకింగ్‌హాం కాలువ కలిపి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మా లంకల కాలువలు ఆ కాగితం మీద కూడా లేవు.

టీ కొట్టు దగ్గర ఎనభై దాటిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. నాన్నతో కలిసి నేసిన మనిషి. పడవలు లాగినవాళ్ళ కూలి ఎంతుండేదో ఏమైనా గుర్తుందా అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. “చీర కూలి చెప్పమంటే చెబుతానండి, ఏ ఏడు ఎంతో. లాగేవాళ్ళని ఎవరడిగారండీ? తెల్లారగట్ల మా అరుగు దగ్గర ఆగి గంజి అడిగేవోరు. పోసేవోళ్ళం. తాడు భుజం మీదినుంచి దింపకుండానే తాగేవోరండి, ఆయ్.”

పాత వంతెన ఒకటి ఉంది. దాని అంచులు చూద్దామని కాలువలోకి దిగాం. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నా చెయ్యి ఆసరా చేసుకుని, కమాను మలుపు దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమింది. అంతా కొత్త సిమెంటు పూత. నున్నగా ఉంది. ఒక మూల పూత పెచ్చు లేచి లోపలి ఇటుక కనబడుతోంది. గోటితో గీకి చూసింది. నేను కూడా చూశాను. గాటో, ఇటుక అరిగిన గుర్తో తేల్చుకోలేకపోయాం. పైనుంచి పిల్లలు బంతి అందివ్వమని కేకలు వేస్తున్నారు.

బంతి విసిరేసి, “జూన్‌లో నీళ్ళు వదిలాక మళ్ళీ వద్దామండీ” అంది మా ఆవిడ.